ఎవరు? ఎవరిని?

బుజ్జీ,

మీ అమ్మ పంపిన మాగాయ సీసా అందింది, సగం అయిపోయింది కూడా.

మొన్న ఆదివారం వార్డెన్ గారి ఫోన్లో నీకు దొరికిన కాసేపట్లో నువ్వడిగిన ప్రశ్నకి నేను జవాబు మొదలెట్టేలోపే టైమైపోయింది. అది ఫోన్లో తెమిలే సంగతీ కాదు. అందుకే ఈ ఉత్తరం. ఒక్క బిగిన చదివేసి దిండు కింద పెట్టేయకు. పెన్సిలూ తెల్లకాగితమూ పక్కన పెట్టుకుని, నేను గీయమన్న చోట గీస్తూ చదువు.

"ఇంజను వ్యాగన్లని ఎంత బలంతో లాగితే వ్యాగన్లూ ఇంజన్ని అంతే బలంతో వెనక్కి లాగుతాయి కదా! రెండూ చెల్లుకు చెల్లయిపోతే ఇక బండి కదిలేదెలా మామయ్యా?" అన్నావు. క్లాసులో అడిగితే "ముందు సిలబస్ కానీ, కూర్చో" అన్నారనీ చెప్పావు. ఆ మాట మనసులో పెట్టుకోకు, వాళ్ల తొందర వాళ్లది. నీ సందేహం మాత్రం వదలకు. న్యూటన్ మూడో నియమం కంఠతా వచ్చినవాళ్లు బోలెడుమంది ఉంటారు. వాళ్లలో ఈ ప్రశ్న అడ్డం తగిలి ఆగినవాళ్లు తక్కువ. ఆగినవాళ్లకే అది అర్థమవుతుంది.

ఇది నీ ఒక్కదానికే వచ్చిన సందేహమూ కాదు. న్యూటన్ 1687లో లాటిన్‌లో అచ్చు వేయించిన ప్రిన్సిపియాలో మూడో నియమం చెప్పిన వెంటనే ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, తాడు కట్టి రాయిని లాగే గుర్రం. గుర్రం రాయిని లాగినంతా రాయీ గుర్రాన్ని లాగుతుందని రాశాడు. గుర్రం తీసేసి ఇంజను పెట్టు, రాయి తీసేసి వ్యాగన్లు పెట్టు, నీ ప్రశ్న అదే.

ఇంజను మీద నా దగ్గరికి కొత్తగా వచ్చిన అసిస్టెంట్ డ్రైవర్లకి నేను ఒకే ఒక్క అలవాటు నేర్పేవాణ్ణి. నీకూ అదే చెబుతున్నాను. ఏ బలం పేరెత్తినా ఇద్దరి పేర్లు చెప్పాలి. ఎవరు? ఎవరిని? "పట్టా ఇంజన్ని తోస్తోంది." "భూమి వ్యాగన్ని లాగుతోంది." "కప్లింగ్ ఇంజన్ని వెనక్కి గుంజుతోంది." ఇలా రెండు పేర్లతో వాక్యం పూర్తయితేనే అది బలం. మొదటి పేరు దొరకలేదంటే అలాంటి బలమే లేదు, నువ్వు ఊహించుకున్నావు, కొట్టెయ్. ఇక లెక్క చేసేటప్పుడు ఒక్క వస్తువుని మాత్రమే కాగితం మీద గీసి, రెండో పేరు ఆ వస్తువుదైన బలాలనే దాని మీద గీయి. మీ పుస్తకంలో ఫ్రీ బాడీ డయాగ్రమ్ అన్నది ఇదే, తెలుగు పుస్తకాల్లో స్వేచ్ఛా వస్తు పటం. పిల్లలు దీన్ని మార్కుల కోసం చివర్లో గీస్తారు. ముందు గీయాల్సింది అది.

ఇప్పుడు గూడ్సు బండి గీయి. మా లైన్లలో ఎక్కువగా తిరిగే డబ్ల్యూఏజీ-9 ఇంజను అనుకో. బరువు 123 టన్నులు, ఆరు ఇరుసులు, ఆరింటికీ మోటార్లు. బండి కదిలేటప్పుడు గట్టిగా పట్టు దొరికితే సుమారు 460 కిలోన్యూటన్ల లాగుడు ఇస్తుంది. వెనక 58 వ్యాగన్లు, మొత్తం 5000 టన్నులు అనుకో. చక్రాల దొర్లుడికీ, బేరింగులకీ, గాలికీ కలిపి వెనక్కి పట్టేది 100 కిలోన్యూటన్లు అనుకో. అదంతా వ్యాగన్ల మీదే ఉందనుకుందాం, లెక్క తేలికవుతుంది.

ముందు మొత్తం బండిని ఒకే వస్తువుగా చూడు. ముందుకి 460, వెనక్కి 100. మిగిలింది 360. దాన్ని 5123 టన్నులతో భాగిస్తే త్వరణం సెకనుకి సెకనుకి 0.07 మీటర్లు. కిలోన్యూటన్లని టన్నులతో భాగిస్తే నేరుగా మీటర్లలోనే వస్తుంది, సున్నాలు లెక్కపెట్టే పని లేదు. నిమిషం పాటు అలాగే లాగితే వచ్చే వేగం గంటకి 15 కిలోమీటర్లు. సైకిలు వేగం! ప్లాట్‌ఫారం మీద నిలబడి "గూడ్సు నత్తలా పోతోంది" అని విసుక్కునేవాళ్లకి ఈ లెక్క చూపించు.

ఇప్పుడు ఇంజన్ని ఒక్కదాన్నే విడిగా గీయి. పట్టా ఇంజన్ని ముందుకి తోసేది 460. కప్లింగ్ దగ్గర వ్యాగన్లు ఇంజన్ని వెనక్కి లాగేది ఎంత? ఇంజను త్వరణమూ అదే 0.07. దాని 123 టన్నులకి కావలసింది 9 కిలోన్యూటన్లు. అంటే వెనక్కి లాగుతున్నది 451. ఇక వ్యాగన్లని విడిగా గీయి. ఇంజను వాటిని ముందుకి లాగేది 451, వెనక్కి పట్టేది 100, మిగిలింది 351. దాన్ని 5000తో భాగించు. మళ్లీ 0.07 వచ్చిందా?

నీ ప్రశ్నకి జవాబు ఈ రెండు బొమ్మల్లో ఉంది. ఇంజను వ్యాగన్లని లాగే 451 వ్యాగన్ల బొమ్మలో ఉంది. వ్యాగన్లు ఇంజన్ని లాగే 451 ఇంజను బొమ్మలో ఉంది. రెండూ సమానమే, దిశలు ఎదురెదురు. కానీ ఒకే బొమ్మ మీద ఎక్కడా లేవు. ఒకే వస్తువు మీద పనిచేసేవే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకరి జీతంలో కోత పడిందని ఇంకొకరి జీతంతో చెల్లు చేయరు కదా!

మూడో నియమపు జోడీ కావాలంటే పేర్లు తిరగెయ్యి, అంతే. "ఇంజను వ్యాగన్ని" తిరగేస్తే "వ్యాగన్ ఇంజన్ని". ఇది గుర్తుంటే ఇంకో పెద్ద గోతిలో పడవు. వ్యాగన్ పట్టాల మీద నిలబడి ఉంది. భూమి వ్యాగన్ని కిందికి లాగుతోంది, పట్టా వ్యాగన్ని పైకి తోస్తోంది, రెండూ సమానం. అవి చర్య, ప్రతిచర్య అవునా? చాలామంది అవుననే రాస్తారు. తిరగేసి చూడు. "భూమి వ్యాగన్ని" తిరగేస్తే "వ్యాగన్ భూమిని" కావాలి. అంటే వ్యాగన్ భూమిని పైకి లాగుతోంది! ఆ మాటకి నవ్వొచ్చినా నిజం అదే, భూమి అంత పెద్దది కనుక మనకి తెలియదు. "పట్టా వ్యాగన్ని" తిరగేస్తే "వ్యాగన్ పట్టాని" నొక్కడం. కాబట్టి బరువూ, పట్టా తోపూ వేర్వేరు జోడీలకి చెందినవి. వాటిని సమానం చేసింది మూడో నియమం కాదు. వ్యాగన్ పైకీ కిందికీ కదలడం లేదు, అందుకే సమానం. అది రెండో నియమం పని. బండి గతుకుల మీద ఎగిరిపడే క్షణంలో ఆ రెండూ సమానంగా ఉండవు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించావో లేదో. బండిని ముందుకి తోసింది ఎవరు? పట్టా. ఇంజను లోపలి మోటార్లు ఎంత తిప్పినా అవి ఇంజను లోపలివే, ఇంజను తనని తాను ముందుకి తోసుకోలేదు. చక్రం పట్టాని వెనక్కి నెడుతుంది, పట్టా చక్రాన్ని ముందుకి నెడుతుంది. ఘర్షణ అంటే ఎప్పుడూ అడ్డం పడేదనే మాట మీ పుస్తకాల్లో అతిగా ఉంటుంది. ఘర్షణే లేకపోతే ఇంజను షెడ్డులోంచి బయటికి రాదు.

నమ్మకం కుదరకపోతే సన్నచినుకులో లోడు కదిలించడం ఎలా ఉంటుందో చెబుతాను. భారీ వాన నయం, పట్టాని కడిగేస్తుంది. అప్పుడే మొదలైన తుంపర ఉంది చూశావూ, అది పట్టా మీది దుమ్మునీ నూనెనీ కలిపి జిడ్డు చేస్తుంది. ఔటర్ సిగ్నల్ దగ్గర ఎరుపు పడి ఆగి ఉంటాం. పచ్చ పడగానే పవర్ పెంచడానికి నాచ్‌లు తీస్తే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. పాత ఇంజన్లలో వీల్ స్లిప్ దీపం వెలుగుతుంది, ఆంపియర్ల ముల్లు పడిపోతుంది, బండి మాత్రం అంగుళం కదలదు. కొత్తవాడు కంగారుపడి ఇంకో నాచ్ వేస్తాడు. చేయాల్సింది దానికి సరిగ్గా ఉల్టా. నాచ్ తగ్గించాలి. చక్రం జారకుండా దొర్లుతున్నంతసేపు పట్టాని తాకే చోటు ఆ క్షణానికి కదలకుండా ఉంటుంది. అక్కడ పనిచేసేది స్థైతిక ఘర్షణ. జారడం మొదలైతే పని గతిక ఘర్షణ చేతిలోకి పోతుంది, అది తక్కువ. కాబట్టి పవర్ తగ్గిస్తే లాగుడు పెరుగుతుంది! తగ్గించి, చక్రాల ముందు ఇసుక వదులుతాం. ఇంజనులో దానికోసం ఇసుక పెట్టెలుంటాయి, గాలి ఒత్తిడితో గొట్టంలోంచి పట్టా మీదికి కొడుతుంది. జారుతున్న చక్రాన్ని అలాగే వదిలేస్తే ఒకే చోట రాసి రాసి పట్టా మీద గుంట పడుతుంది. వీల్ బర్న్ అంటారు, మర్నాడు పట్టాలు చూసుకునే పీవే వాళ్ల చేత చీవాట్లు. ఇప్పటి ఇంజన్లలో జారుడు కనిపెట్టి సర్దేది ఎలక్ట్రానిక్సే, కానీ అదీ చేసేది ఇదే పని.

460 దగ్గరే ఎందుకు ఆగింది అని అడుగుతావేమో. ఇంజను బరువు 123 టన్నులు, న్యూటన్లలో సుమారు 1205 కిలోన్యూటన్లు. అందులో 460 అంటే 0.38 వంతు. ఉక్కు మీద ఉక్కుకి అంతకు మించి పట్టు రాబట్టడం కష్టం. ఇంకా పెద్ద మోటారు పెట్టినా, బరువు పెరగకపోతే చక్రం జారుతుంది తప్ప లాగుడు పెరగదు. గూడ్సు ఇంజన్లని కావాలనే బరువుగా కడతారు. తేలికగా ఉండటమే గొప్ప అనుకునే ఈ రోజుల్లో ఆ మాట నాకు భలే ఇష్టం.

మొదటి నియమానికి వద్దాం. పిల్లలు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే, అదీ తెలియకుండా. "బండి 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతోంది. లాగే బలం ఎక్కువా, పట్టే బలం ఎక్కువా?" అని అడిగితే నూటికి తొంభైమంది "లాగేదే ఎక్కువ, అందుకే కదా పోతోంది" అంటారు. రెండూ సమానం. నిలకడగా పోయే బండి, ఆగి ఉన్న బండి బలాల లెక్కలో ఒకటే, రెండింటి మీదా మిగులు సున్నా. ఆ మిగులుకి వేగాన్ని మార్చడమే పని, నిలిపి ఉంచడం దాని పని కాదు.

ఇది నమ్మడానికి మనుషులకి రెండువేల ఏళ్లు పట్టింది. తోస్తున్నంతసేపే వస్తువు కదులుతుందన్నాడు అరిస్టాటిల్. ఎడ్లబండి చూసేవాడికి అది నిజమే అనిపిస్తుంది, ఎడ్లు ఆగితే బండీ ఆగుతుంది మరి. గెలీలియో నున్నటి వాలుబల్లల మీద గుండ్లు దొర్లించి చూశాడు. వాలు దిగిన గుండు ఎదురు వాలు మీద దాదాపు అదే ఎత్తుకి ఎక్కుతుంది. ఎదురు వాలుని పడుకోబెట్టే కొద్దీ ఇంకా దూరం పోతుంది. పూర్తిగా చదును చేస్తే? ఆపేవాళ్లు లేకపోతే పోతూనే ఉండాలి. ఆ ఆలోచనలన్నీ 1638లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఉన్నాయి. ఆయన ఊహించుకున్న చదును దారికి బాగా దగ్గరగా వచ్చేది ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం. మన బండి 60లో ఉండగా పవర్ పూర్తిగా తీసేశామనుకో. వెనక్కి పట్టేది ఆ 100 కిలోన్యూటన్లే. త్వరణం మైనస్ 0.02. ఆగడానికి ఎంత దూరం పోతుందో నువ్వే చెయ్యి. నాకు ఏడు కిలోమీటర్ల పైన వచ్చింది. పవర్ లేకుండా, బ్రేకు లేకుండా, ఏడు కిలోమీటర్లు!

న్యూటన్ మొదటి నియమానికి ఇచ్చిన ఉదాహరణల్లో బొంగరం ఉందని తెలుసా? గాలి అడ్డుపడితే తప్ప తిరగడం మానదని. ఆ మహానుభావుడి పుస్తకంలో గ్రహాల సరసన బొంగరం కూడా చోటు సంపాదించుకుంది.

రెండో నియమాన్ని మీరు ఎఫ్ ఈజ్ ఈక్వల్ టు ఎమ్ఏ అని పాడుకుంటూ ఉంటారు. న్యూటన్ దాన్ని ఆ రూపంలో రాయలేదు. ద్రవ్యవేగంలో వచ్చే మార్పుతో చెప్పాడు. మా పనికి అదే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటావా, రెండు వ్యాగన్ల మధ్య కప్లింగ్‌లో కొద్దిగా వదులు ఉంటుంది. ఇంజను కదిలిన సంగతి చివరి వ్యాగన్‌కి వెంటనే తెలియదు. మొదటి వదులు బిగుసుకున్నాక రెండోది, అది బిగుసుకున్నాక మూడోది, అలా టక్ టక్ మంటూ ఆ చప్పుడు బండి పొడవునా పరుగెత్తుకుంటూ పోతుంది. గార్డు బ్రేక్‌వ్యాన్‌లో టీ గ్లాసు పట్టుకుని కూర్చుని, తనదాకా వచ్చిన కుదుపుని బట్టి డ్రైవరు ఎలాంటివాడో చెప్పేసేవాడు.

లెక్క చూడు. ఒక్కో వ్యాగన్ సుమారు 86 టన్నులు. నిలబడి ఉన్న దాన్ని సెకనుకి ఒక మీటరు వేగానికి తేవాలి, అంటే మనిషి నింపాదిగా నడిచే నడక. దాన్ని సెకనులో తెస్తే కావలసిన బలం 86 కిలోన్యూటన్లు. అదే మార్పు సెకనులో పదో వంతులో జరిగితే 860. ఇంజను తన శక్తికొద్దీ లాగినా 460 దాటదన్నాం కదా, దానికి దాదాపు రెట్టింపు బలం ఒక్క కుదుపులో పుట్టింది! ఇంజను తెంచలేని కప్లింగ్‌ని తొందర తెంచుతుంది. కప్లింగ్ వెనక డ్రాఫ్ట్ గేర్ అని ఒకటి పెడతారు, అది చేసే పనల్లా ఆ పదో వంతు సెకనుని కాస్త సాగదీయడమే. కప్లింగ్ తెగి బండి రెండు ముక్కలవడాన్ని మేం ట్రెయిన్ పార్టింగ్ అంటాం. నిలకడగా లాగేటప్పుడు ఇంజను పక్కనున్న కప్లింగ్ మోసేది 451 అయితే చివరి వ్యాగన్ ముందున్నది 8 కూడా మోయదు. ఎందుకో 58 బొమ్మలు గీయనక్కర్లేదు, చివరి వ్యాగన్ని ఒక్కదాన్ని గీయి చాలు.

ఇప్పుడు వాలు. మన విశాఖ వైపు కొత్తవలస–కిరండూల్ లైను తెలుసు కదా, అరకు పోయే లైను. బైలడిల్లా ఇనుప ఖనిజం అటునుంచే ఓడరేవుకి దిగుతుంది. శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, అక్కణ్ణుంచి అనంతగిరి కొండల్లో అరవైకి ఒకటి వాలు. అంటే అరవై మీటర్లు పోతే ఒక మీటరు దిగుతుంది. కళ్లకి ఆ వాలు ఆనదు. బొర్రా గుహలకి పోయే యాత్రికులు కిటికీలోంచి సొరంగాలు లెక్కపెట్టుకుంటారు తప్ప వాలు చూడరు. కోణం ఒక డిగ్రీ కన్నా తక్కువ. నువ్వు కాస్ తీటా అని రాసుకునేది దాదాపు ఒకటి, కాబట్టి పట్టా మీద ఒత్తిడి ఇంచుమించు మారదు. సైన్ తీటా మాత్రం అరవైలో ఒకటి. మన 5123 టన్నులకి వాలు వెంట కిందికి లాగే భాగం సుమారు 837 కిలోన్యూటన్లు. ఇదే బండిని ఎక్కించాలంటే 460 లాగే ఒక్క ఇంజను ఏమూలకీ చాలదు.

దిగేటప్పుడు ఆ 837 నుంచి దొర్లుడు పట్టే 100 తీసేస్తే 737 మిగిలింది. బ్రేకు ముట్టుకోకపోతే ఆగి ఉన్న బండి నిమిషంలో గంటకి 30 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బండిని నిలకడ వేగంలో ఉంచడానికే 737 కిలోన్యూటన్ల బ్రేకు కావాలి. గమనించు, ఇక్కడ కూడా మిగులు సున్నా, మొదటి నియమమే. ఇక ఆపాలంటే? చదును మీద 60లో పోయే ఈ బండిని కిలోమీటరులో ఆపడానికి కావలసిన బ్రేకు సుమారు 600. దొర్లుడి 100 దానికి తోడవుతుంది, మొత్తం 700 పైచిలుకు. వాలు మీద అదే కిలోమీటరులో ఆపాలంటే ఆ 700కి ఈ 737 కూడా కలుస్తుంది. ఘాట్ దిగే డ్రైవరు వేగం పెరిగాక పట్టుకుందాంలే అనుకోడు. కొండ మీదే, వేగం తక్కువ ఉండగానే బండిని చేతిలో పెట్టుకుంటాడు.

460 మించి లాగలేని బండికి 1400 పైన బ్రేకు ఎక్కణ్ణుంచి వస్తుంది అనిపించిందా? అనిపించి ఉంటే నాకు సంతోషం. లాగేటప్పుడు పట్టు ఇంజను చక్రాలకే. ఆపేటప్పుడు ప్రతి వ్యాగన్ ప్రతి చక్రమూ పట్టాని పట్టుకుంటుంది. మొత్తం 5000 టన్నుల బరువు కింద ఘర్షణ మనకి అందుబాటులో ఉంటుంది. అప్పుడు కూడా బండిని ఆపేది బ్రేకు బ్లాకు కాదు సుమా! అది చక్రాన్ని పడుతుంది. చక్రం పట్టాని ముందుకి నెడుతుంది, పట్టా చక్రాన్ని వెనక్కి నెడుతుంది. బయటినుంచి బండిని అంత గట్టిగా ఆపగలిగేది పట్టా ఒక్కటే. బ్లాకు మరీ బిగిసి చక్రం తిరగడం ఆగిపోతే జారుడు మొదలై పట్టు తగ్గుతుంది, చక్రం అరిగి చదునవుతుంది. ఆ చక్రం తర్వాత స్టేషన్ దాటుతుంటే టపటపమని చప్పుడు, విన్నావా ఎప్పుడైనా?

మలుపు దగ్గర మాత్రం మీ లెక్చరర్లు కూడా కొందరు తడబడతారు. మలుపులో మనం బయటికి ఒరుగుతాం, "అపకేంద్ర బలం తోసింది" అంటారు. మన పద్ధతి పెట్టు. ఎవరు తోశారు? పేరు చెప్పమను. ఎవరూ లేరు. ఒళ్లు నేరుగా పోదామనుకుంది, కింద రైలుపెట్టె వంక తిరిగింది, అంతే. పెట్టెని వంక తిప్పింది ఎవరంటే బయటి పట్టా, చక్రపు అంచుని లోపలికి నెట్టి. ఆ నెట్టుడు తగ్గించడానికి మలుపులో బయటి పట్టాని ఎత్తు చేస్తారు, మన బ్రాడ్‌గేజ్‌లో గరిష్ఠంగా 165 మిల్లీమీటర్లు. తిరిగే పెట్టెలోనే కూర్చుని లెక్క చేయాలంటే స్యూడో ఫోర్స్ అని ఒకటి కలుపుకోవాలి, అది తప్పు కాదు, సౌకర్యం. దానికి తిరగేసే పేరు ఉండదు, జోడీ ఉండదు. పరీక్షలో రెండు పద్ధతులూ ఒకే బొమ్మలో కలిపావా, జవాబు గంగలో కలిసినట్టే.

ఎవరు, ఎవరిని అని అడక్కపోతే పెద్దవాళ్లు కూడా బోల్తా పడతారు. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ గొడ్డార్డ్ అనే శాస్త్రవేత్తని ఎగతాళి చేసింది. శూన్యంలో రాకెట్టు తోయడానికి గాలి ఉండదు, హైస్కూల్లో చెప్పే పాఠం కూడా ఈయనకి తెలియదని. రాకెట్టు తోసేది గాలిని కాదు, తనలోంచి వెళ్లే వాయువుని. వాయువు రాకెట్టుని తోస్తుంది. 1969 జులైలో అపోలో 11 చంద్రుడి దారి పట్టిన మర్నాడు ఆ పత్రిక సవరణ వేసుకుంది. గొడ్డార్డ్ అప్పటికి లేడు. శ్రీహరికోట నుంచి లేచేవన్నీ ఆ రెండు పేర్ల మీదే లేస్తున్నాయి.

ఇక చదవడం గురించి. షార్ట్‌కట్ ఫార్ములాలు ఒక పుస్తకం నిండా ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. కప్పీకి ఒకటి, లిఫ్టుకి ఒకటి, వాలుబల్లకి ఒకటి. వాటిని ఇప్పుడే బట్టీ పట్టకు. లిఫ్టు లెక్క పది రకాలుగా వస్తుంది, బొమ్మ మాత్రం ఒకటే. భూమి మనిషిని కిందికి, నేల మనిషిని పైకి, అంతే. బొమ్మతో చేసి చేసి చేయి తిరిగాక ఫార్ములా అదే వస్తుంది, అప్పుడు పరీక్షలో టైము కోసం వాడుకో. జవాబు వచ్చాక దాన్ని ఒకసారి బెదిరించి చూడు. వాలు సున్నా చేస్తే ఏమవుతుంది? వ్యాగన్లు తీసేస్తే కప్లింగ్‌లో బలం సున్నా అవుతోందా? ఇంజను బరువు లేనిదైతే 460కి 460 వ్యాగన్లకే పోతోందా? అలా అడిగితే సగం తప్పులు వాటంతట అవే బయటపడతాయి. టన్నులు, కిలోలు ఒకే వరసలో రాయకు. బలం అనే చోట ఒట్టి కిలోలు కనిపిస్తే అక్కడే ఆగు.

నిద్ర తగ్గించుకుని చదవొద్దు. మా రన్నింగ్ స్టాఫ్‌కి డ్యూటీకి ముందు విశ్రాంతి రూలు పెట్టారు, మీ హాస్టళ్లకి ఎవరూ పెట్టలేదు, మన ఖర్మ.

వచ్చే ఆదివారానికి ఒక లెక్క ఇస్తున్నాను. అవే 58 వ్యాగన్లు, అన్నీ సమానం. అరవైకి ఒకటి ఎక్కడానికి రెండు ఇంజన్లు కూడా చాలవు కనుక నూట యాభైకి ఒకటి ఎక్కుడు అనుకో. ముందు ఒక ఇంజను లాగుతోంది, వెనక అలాంటిదే ఒక బ్యాంకర్ ఇంజను తోస్తోంది, రెండూ సరిసమానంగా. బండి నిలకడ వేగంలో ఉంది. మధ్యలో ఒక కప్లింగ్‌లో లాగుడూ లేదు, నొక్కుడూ లేదు. అది ఎన్నో వ్యాగన్ తర్వాత? వెనక ఇంజను కాస్త నీరసిస్తే ఆ చోటు ముందుకి జరుగుతుందా, వెనక్కా? ఫోన్లో అంకె చెబితే ఒప్పుకోను, ఏ వ్యాగన్లని విడదీసి గీశావో చెప్పాలి.

మీ అత్తయ్య జంతికలు చేసి పార్సిల్ చేయిస్తోంది, రూములో వాళ్లకీ పెట్టు.

ఇట్లు
పెదమామయ్య